ప్రాఁత మోటారుకారు – నిదానము



వంటయింటి గృహిణి పొయ్యివంకఁ జూడకయే పాలు పొంగు వేళను గుర్తింపఁగలదు. పప్పు కుదురుగా నుడుకుచున్నదో, అడుగంటుచున్నదో చప్పుడునుబట్టియు వాసననుబట్టియుఁ జెప్పఁగలదు. ఇట్టి చెవియు నిట్టి ముక్కును గల యామెయే కారులోఁ గూర్చుండియుండఁగా, ఇంజను వణఁకి వణఁకి యాఁగిపోయినచో, “ఇది మనకుఁ దెలియు విద్య కాదు” అని యూరకుండును. ఇది యుచితము కాదని నా మనవి. కారు ఇంజను కూడ నొకవిధమైన పొయ్యియే. గాలియు, ఇంధనమును, నిప్పును తగుపాళ్లలోఁ గలిసిన నది చక్కఁగా మండును. ఒకటి తగ్గినను మించినను మొరాయించును. ఈమాత్రపు సూత్రము మన మెఱుఁగనిది కాదు.

మన దేశమున నెల్లవారెఱిఁగిన రెండు కార్లు, అంబాసిడరును మారుతి 800ను, 2014వ సంవత్సరముననే తయారీ ముగించుకొన్నవి. మొదటిది 1950వ దశకము చివర వంగదేశపు ఉత్తరపారాలోఁ బుట్టినది. రెండవది 1983 డిసెంబరు నెలలో వెలువడినది. కర్మాగారములు తయారీ మానినను సంసారులు వాడుక మానలేదు. మితమైన రాఁబడి గల మాబోఁటి బడిపంతుళ్ల యిండ్లలోఁ గారు భోగవస్తువు కాదు. ముసలివారిని వైద్యునికడకుఁ గొనిపోవుటకును, పిల్లలను పరీక్షవేళకుఁ జేర్చుటకును దొరకిన సాధనము. అట్టి కారు నడిదారిలో నాఁగుట యొక యాపద. దానిని బాగుచేయించు నెపమున మంచిభాగముల నొకటి తరువాత నొకటిగా మార్పించి నెలజీతమును ఊడ్చిపెట్టుట రెండవ యాపద. మొదటిదానికంటె రెండవదియే తఱచుగా సంభవించుచున్నది.

మా యానందపురము నాలుగు దారుల కూడలి. చెన్నపట్టణమునుండి కలకత్తాకుఁ బోవు 16వ నంబరు జాతీయరహదారి యిట నుండియే సాగును. పెందుర్తిమీఁదుగా అనకాపల్లికిఁ బోవు త్రోవ యిటనే చీలును. వేకువనే పూలమూటలతో వచ్చు రైతులు, వారికొఱకు వేచియుండు ఆటోలు, వెనుకనుండి వచ్చు లారీలు, వీనినడుమ కారు రెండడుగులు వేయును, నిలుచును. మరల రెండడుగులు వేయును. ఇంజను ఆరోగ్యము నిజముగాఁ దెలియునది వేగముగాఁ బోవునప్పుడు కాదు, ఇట్లు నిలిచియున్నప్పుడు. వెనుక లారీ బూరయూఁదుచుండఁగా కారాఁగిపోయి, తాళము త్రిప్పినను సెల్ఫు పడకున్న, అప్పటి గుండెదడ యనుభవించినవారికే తెలియును.

స్త్రీలకుఁ గారునందలి లోపముల నరయుట క్రొత్తపని కాదు. 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నిల్లాలు, తన భర్త నిర్మించిన మూఁడుచక్రముల మోటారుబండిని, భర్తకు ముందుగాఁ జెప్పకయే, ఇద్దఱు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైము వఱకు నడిపినది. దూరము నూఱు కిలోమీటర్లకుఁ బైమాటయే. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనఁగాఁ దన టోపీసూదితో దానిని శుభ్రపఱచినది. విద్యుత్తీఁగ యొరసికొనిపోఁగాఁ దన మేజోళ్లపట్టీని దానికిఁ జుట్టినది. ప్రపంచమునందలి మొట్టమొదటి దూరప్రయాణముననే సంభవించిన యీ రెండు చిక్కులును, ఒకటి ఇంధనమునకు, రెండవది విద్యుత్తునకు సంబంధించినవి. నేఁటికిని ప్రాఁతకార్లను బాధించునవి ముఖ్యముగా నీ రెండే.

నిదాన మనఁగా నేమి?

మన భాషలో ‘నిదానము’ అను మాటకు రెండర్థములు గలవు. వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుట నిదానము. వాడుకలోఁ దొందరపడకుండుట నిదానము. ఈ రెండును వేఱుకావని కారు మనకు నేర్పును. తొందరపడువానికి నిదానము చిక్కదు. తర్కశాస్త్రము చదివినవా రన్వయవ్యతిరేకములని చెప్పుదురు. అది యున్నప్పు డిది యుండుట అన్వయము. అది లేనప్పు డిది లేకుండుట వ్యతిరేకము. రెండును గుదిరిననే యది దీనికిఁ గారణమని యూహింపవలెను. ఒక్కదానితోఁ దృప్తిపడరాదు. మఱియు నొకేసారి రెండుమార్పులు చేసినచో దేనివలన గుణము కలిగెనో తెలియదు. ఒక్కపర్యాయమున కొక్క మార్పే చేయవలెను. కారువిషయమున నాకుఁ దెలిసిన రహస్యమంతయు నింతియే.

కావున మొదట చేయవలసినది రెంచీ పట్టుకొనుట కాదు. పద్దుల పుస్తకమునఁ జివరిపుట తీసి వ్రాయుట. కారు చల్లగా నున్నప్పు డాఁగుచున్నదా, వేఁడెక్కిన పిదపనా? నిలిచినప్పుడు మాత్రమేనా, పరుగులోఁ గూడనా? దీపములు వెలిఁగించినప్పుడా? ఏసీ వేసినప్పుడా? పెట్రోలు పోయించిన వెంటనేనా? పదిదినములు కదలక పడియున్న పిదపనా? వారము దినము లిట్లు వ్రాసినచో సగము రోగము తనంతటఁ దానే బయటపడును.

సన్నసెగ

కారు కదలక నిలిచియుండఁగా ఇంజను మెల్లగాఁ దిరుగుటను మెకానిక్కులు ‘ఐడిలింగు’ అనియు ‘స్లో’ అనియు నందురు. చిన్నకార్లలో నది సాధారణముగా నిమిషమునకు 800 మొదలు 900 చుట్లు. ఇది మన పొయ్యికి సన్నసెగవంటిది. పెద్దమంటను గాలి యార్పలేదు గాని సన్నసెగ చిన్న గాలికే యాఱిపోవును. అట్లే, పరుగులోఁ బైకిఁ దెలియని చిన్నలోపము స్లోలోఁ బెద్దదై కనఁబడును.

తూకములో నొక పాలు పెట్రోలునకు సుమారు పదునాలుగున్నరపాళ్లు గాలి కలియవలెను. కార్బొరేటరు గల కారులో స్లోకై యొక సన్నని రంధ్రము వేఱుగా నుండును, దానిని స్లోజెట్టందురు. ఆవగింజలో నఱవంతు మురికి చాలును, అది పూడిపోవుటకు. అప్పుడు కాలు యాక్సిలరేటరుమీఁద నున్నంతసేపు కారు చక్కఁగాఁ బోవును. కాలు తీసిన నాఁగును.

ఇచ్చట నొక సులభపరీక్ష గలదు. వేఁడెక్కిన ఇంజను స్లోలోఁ దడఁబడుచుండఁగా చోకు మీట నించుక లాగి చూడుఁడు. చోకు గాలిని దగ్గించును. నడక కుదుటఁబడినచో గాలి యెక్కువయైనదనియో, పెట్రోలు చాలలేదనియో యర్థము. నడక మఱింత చెడి నల్లపొగ వచ్చినచోఁ బెట్రోలే యెక్కువ. గాలి యెక్కువయైనచో ఇంజనుచుట్టు నున్న చిన్న రబ్బరుగొట్టములను జూడవలెను. ఏండ్లు గడచిన రబ్బరు మామిడితాండ్ర యెండినట్లు గిడసబాఱి చీలును; ఆ చీలికలోనుండి గాలి దొంగతనముగా లోనికిఁ బోవును. చెవియొగ్గిన బుస్సుమను చప్పుడు వినఁబడును. పదులరూపాయల గొట్టమునకై వేలరూపాయల కార్బొరేటరును మార్పించినవా రెందఱో!

ప్లగ్గు నూడఁదీయించి దాని మొనను మీ కన్నులతోఁ జూడుఁడు. అది ఇంజనుయొక్క నాలుక. వైద్యుఁడు రోగి నాలుకఁ జూచినట్లు చూడవలెను. లేఁతగోధుమవన్నె యైనచో నారోగ్యము. పొడిమసి పట్టినచోఁ బెట్రోలెక్కువ. సున్నమువలెఁ దెల్లఁబాఱినచో గాలి యెక్కువ, వేఁడి యెక్కువ. నూనెతోఁ దడిసినచో లోపలి యరుగుదల, అది పెద్దపని.

ఇటీవలి కార్లలోఁ గార్బొరేటరు లేదు. పెట్రోలును చిమ్ము యంత్రమును, దాని నాజ్ఞాపించు చిన్న గణనయంత్రమును గలవు. అందు స్లో చెడుటకు గాలిద్వారము చుట్టు బొగ్గుమసి పేరుకొనుట తఱచుగాఁ గారణమగును. అట్టి కారులో నింజనుబొమ్మ గల పసుపుదీపము వెలిఁగినచో, యంత్రముతోఁ జదివించి, ఆ సంకేతము నడిగి వ్రాసికొనుఁడు. ఆ సంకేతము దారిఁజూపునే కాని తీర్పు చెప్పదు.

విద్యుత్తు

కారు బ్యాటరీ యాఱు గదుల యిల్లు. ఒక్కొక్క గది రెండు వోల్టులకుఁ గొంచె మెక్కువ, మొత్తము పండ్రెండున్నర. కొన్నివందల రూపాయలలో దొరకు మల్టీమీటరును గొన్నచో, మన తులసికోటయొద్ద నిలిచియే బ్యాటరీనాడి చూడవచ్చును. రాత్రియంతయు విశ్రమించిన బ్యాటరీ 12.6 చూపినచో నిండుకుండ. 12.4 చూపినచో ముప్పాతిక. 12కు దిగినచో దాదాపు వట్టిది. సెల్ఫు త్రిప్పునప్పుడు తొమ్మిదిన్నరకు దిగువఁ బడరాదు. ఇంజను తిరుగుచుండఁగా సుమారు 13.8 మొదలు 14.5 వఱకుఁ జూపవలెను. అది 12.5 దగ్గఱనే నిలిచినచో ఆల్టర్నేటరు వండి వడ్డించుటలేదు. బ్యాటరీ తన కొట్టులోని గింజలనే తినుచున్నది. పదునైదు దాఁటినచో వడ్డన మితిమీఱినది, బ్యాటరీ యుడికిపోవును. మిక్కిలి ప్రాఁతకార్లలో నాల్టర్నేటరునకు బదులు డైనమో యుండును. అది స్లోలోఁ జాలినంత విద్యుత్తు పుట్టింపలేదు గనుక నిలిచినప్పుడు దీపములు మసకబాఱుట దాని స్వభావమే, రోగము కాదు.

బ్యాటరీని మార్చుటకుముందు దాని కొమ్ములను జూడవలెను. మనది సముద్రపుగాలి తగులు సీమ. భీమునిపట్టణము మొదలు గాజువాక వఱకు ఉప్పుతేమ సోఁకని యినుము లేదు. బ్యాటరీకొమ్ములమీఁదఁ దెల్లనిపొడియు, రాగితీఁగలపైఁ బచ్చని చిలుమును బెరుఁగును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును దాఁకినప్పుడు నీట నానిన కార్లు, ఎండిన పిదప బాగుగా నడచినను, తీఁగల కీళ్లలోఁ జిలుమును దాఁచుకొన్నవి. అట్టి కీలు విద్యుత్తు నడ్డగించును. బ్యాటరీ క్రొత్తదైనను కారు ప్రాఁతరోగముతోడనే యుండును. గోరువెచ్చనినీటిలో వంటసోడా కలిపి, ప్రాఁత పండ్లకుంచెతోఁ గొమ్ములను దోమి, తుడిచి, ఆరఁబెట్టి, బిగించి, పైన వాజిలీను పూసినచోఁ జాలును. తీయునప్పుడు మొదట ఋణకొమ్మును, తగిలించునప్పుడు కడపట ఋణకొమ్మును. ఇది మఱవరాదు.

వానలో నాఁగిన కారు

ఇఁక స్లోయును విద్యుత్తును గలిసిన యొక కథ. మా యింటి ప్రాఁతకారు వానకాలమున మాత్రము కూడలియందు నిలిచినప్పు డాఁగిపోవుచుండెడిది. ఒక రాత్రి మా యత్తగారికి ఆయాసము రాఁగా పట్టణమునకుఁ గొనిపోవుచు మూఁడు తావుల నాఁగినది. చూపించిన చోట “తడి దూఱినది” అనిరి. ప్లగ్గులు మాఱినవి, ప్లగ్గుతీఁగలు మాఱినవి, డిస్ట్రిబ్యూటరు మూఁతయు మాఱినది. తరువాతి వానకు మరల నాఁగినది. వానయే కారణమనుటకు అన్వయము చక్కఁగా నున్నది. వ్యతిరేకము నెవ్వరును జూడలేదు.

పుస్తకమున వ్రాసినదానిని దిరుగవేయఁగా నొక విశేషము కనఁబడినది. వానలేని యొక మధ్యాహ్నమునఁ గూడ, అద్దముపై దుమ్ము తుడుచుటకు వైపరు వేసినప్పుడు కారు నిలిచినది. మఱునాఁడు కుండపోఁతగా వాన గురియుచుండఁగా మా వారు కారును వాకిటనే నిలిపి, వైపరును లోపలి ఫ్యానును వేయక స్లోలో నుంచిరి. అర్ధగంట గడచినను నిశ్చింతగాఁ దిరిగినది. వైపరును ఫ్యానును వేసిరి. రెండు నిమిషములలో నాఁగినది. కాఁబట్టి దోషము వానది కాదు, వైపరువేళది.

ఆ మాట చెప్పి, వేఱొక ముసలి ఎలక్ట్రీషియనుచే మీటరు పెట్టించితిమి. కొన్ని కార్బొరేటరులకు స్లోపెట్రోలు దారిని దెఱచి యుంచు చిన్న విద్యుత్కవాటము, సొలినాయిడు, ఉండును. తాళము త్రిప్పఁగానే ‘టక్’ అని పలుకును. విద్యుత్తు చాలనిచో మూసికొనును. దానికడ మామూలుగాఁ బండ్రెండు వోల్టులున్నవి. వైపరును ఫ్యానును వేయఁగా నెనిమిదికిఁ దిగినవి. ఈ యన్నింటికిని విద్యుత్తు నందించు నొక కీలు ఫ్యూజుపెట్టె వెనుక చిలుముపట్టి కమరియుండెను. ఒకే బావినుండి నలుగురు తోడుచుండ, బావిగొంతు సగము పూడిన ట్లుండెను దాని స్థితి. ఆ కీలును శుభ్రపఱచి క్రొత్త మొన వేసినంతఁ గారాఁగుట మానినది. అంతకుముందు మార్చిన భాగముల వెలలో నిది పదియవవంతైనఁ గాలేదు.

జాగ్రత్తలు

బ్యాటరీయొద్దకుఁ బోవునప్పుడు బంగారుగాజులు, ఉంగరము, పొడుగుగొలుసు తీసి పెట్టవలెను. బంగారము విద్యుత్తునకు మంచిదారి. రెండుకొమ్ములకు నడుమఁ దగిలినచో నిమిషములో నెఱ్ఱగాఁ గాలి చర్మమును గాల్చును. ఇంజను తిరుగుచుండఁగాఁ బైఁటచెంగును జడను బిగించికొనవలెను; బెల్టు వానిని లాగికొనును. మూసిన కొట్టములోఁ గారును స్లోలో నుంచరాదు. దాని పొగలో వాసనలేని విషవాయువు గలదు. బ్యాటరీదగ్గఱ నగ్గిపుల్ల వెలిఁగింపరాదు. కాలిన ఫ్యూజునకు బదులు లావుతీఁగనో వెండికాగితమునో చుట్టుట యింటికి నిప్పుపెట్టుకొనుటయే. ఫ్యూజు కాలుట రోగము కాదు, హెచ్చరిక. ఇంజను తిరుగుచుండఁగా బ్యాటరీతీఁగ నూడఁబెఱికి ఆల్టర్నేటరును బరీక్షించు మొరటుపద్ధతి కొందఱికిఁ గలదు. దానివలన మంచి ఆల్టర్నేటరే చెడును. అట్లు చేయనీయకుఁడు.

మఱియొకమాట. మన దేశమునఁ బెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపు పద్ధతి 2025 నాటికి వ్యాపించినది. ఇథనాలు నీటిని బీల్చుకొనును. ప్రాఁతకాలపు రబ్బరును మెత్తఁబఱచును. కావున ప్రాఁతకారును నెలలతరబడి సగముటాంకీతో నిలువయుంచుట మంచిది కాదు. వారమున కొక్కసారియైన నాలుగుమైళ్లు నడిపి, ఏడాదికొకసారి పెట్రోలుగొట్టములను జూపించుట మేలు.

మెకానిక్కుతో మాటాడునప్పుడు

మెకానిక్కు మనకు శత్రువు కాఁడు. చేతులు నల్లఁజేసికొని బ్రదుకు పనివాఁడు. “ఏమో బాబూ, ఆఁగిపోవుచున్నది” అని మనము చెప్పినచో నతఁడును ఏమో యని యేదో యొకటి మార్చును. “బాబూ, వేఁడెక్కిన పిదప, స్లోలోనే, ఫ్యాను వేసినప్పుడే యాఁగుచున్నది, చోకు లాగినను మార్పులేదు, బ్యాటరీ 12.6 ఉన్నది” అని చెప్పినచో నతని పని సగము తీఱును, నిపుణుఁడైనవాఁడు సంతసించును గూడ. ఏదేని భాగము మార్చవలెనన్నచో నడుగవలసినవి మూఁడే: ఏ పరీక్షవలన నిది చెడినదని తెలిసినది? మార్చిన పిదప నా పరీక్షనే మరల చేసి చూపుదువా? ప్రాఁతభాగమును మాకిత్తువా? వీనికి నెమ్మదిగా బదులు చెప్పువానిని విడువకుఁడు. వాఁడు దొరకుట యదృష్టము.

జెట్టులు విప్పుట, టైమింగు మార్చుట, బ్రేకులు ముట్టుట మన పని కాదు. మన పని చూచుట, వినుట, వ్రాయుట, అడుగుట. పురుషులు చూచిన కారునే మనము వేఱుకన్నుతోఁ జూతుము. వారికి వేగము కనఁబడినచోట మనకు వణఁకు వినఁబడును. ఇంటిలోఁ బసిబిడ్డ యేడుపులో నాఁకలియేదో నొప్పియేదో తెలిసికొను మనకు, ఈ యినుపబిడ్డ మూలుగు తెలియకపోదు. ఈ యాదివారము సాయంకాలము కారును వాకిట నిలిపి, పది నిమిషములు స్లోలో నుంచి, చెవియొగ్గి వినుఁడు. పుస్తకమున మొదటిపంక్తి యా దినమే వ్రాయుఁడు.